జాబితాలో లేని ఖర్చు

మొన్న చలికాలంలో హైదరాబాద్ శివార్లలో, అపార్ట్‌మెంట్లు కడుతున్న ఒకచోట, రేకుల షెడ్డు ముందు కూర్చుని ఒక కేలండర్ కాగితం చదివాను. కాగితం వెనకవైపు పెన్సిలుతో రాసిన జాబితా అది. పాలమూరు జిల్లా నుంచి మొగుడితో పాటు వలస వచ్చిన ఆ స్త్రీకి అప్పుడు ఏడో నెల వెళ్లి ఎనిమిదో నెల. తొలిచూలు. రాతంతా ఆమెదే. తువ్వాళ్లు రెండు 200, దోమతెర 250, సబ్బూ నూనే 150, ప్లాస్టిక్ టబ్బు 180, ఉన్ని టోపీ, మేజోళ్లు 100, తనకి నాప్‌కిన్లు 120. అక్కడికి సరిగ్గా వెయ్యి. దాని కింద ఒక గీత. గీత కింద ఆటోకి 600, దవాఖానలో ‘ఇచ్చేటందుకు’ 1,500, పురుడుకీ తొట్టెలకీ కలిపి 4,000. మొత్తం 7,100 రూపాయలు. పొత్తిగుడ్డలకి లెక్క వేయలేదు, అమ్మ పాత చీరలు చింపి ఉంచిందట.

ఇంత పొందిగ్గా రాసుకున్నందుకు నిజంగానే ముచ్చటేసింది. అందులో తీసేయాల్సింది ఏదీ కనిపించలేదు, ఆ 1,500 తప్ప. దాని సంగతి తర్వాత చెప్తాను. అప్పుడు అడిగాను, ‘కాన్పుకి ముందూ వెనకా ఎన్నాళ్లు పని మానేస్తావు?’ అని. నవ్వింది. ‘ఎన్ని దినాలైతే అన్ని దినాలు. మానుకుంటే ఎవరు పెడ్తరక్కా?’ అంది. ఆమె రోజు కూలి 500. ఒక నెల ముందు, రెండు నెలలు తర్వాత, అంటే ఏ డాక్టరమ్మ అయినా కనీసం ఇంత ఉండాలని చెప్పే మూడు నెలలు ఆమె పనిలోకి వెళ్లకపోతే, నెలకి 26 రోజుల చొప్పున 78 రోజులు. 39,000 రూపాయలు. ఈ అంకె ఆ కాగితం మీద ఎక్కడా లేదు. తువ్వాలుకీ దోమతెరకీ చోటున్న జాబితాలో అన్నిటికంటే పెద్ద ఖర్చుకి చోటు లేదు.

ఈ సంచిక సంపాదకీయానికి విషయం అక్కడే దొరికింది. తక్కువ డబ్బుతో పుట్టబోయే బిడ్డకోసం ఎలా సిద్ధపడాలన్న దానిమీద సలహాలు చెప్పేవాళ్లకి ఎప్పుడూ కొదవ లేదు. ఆదివారం అనుబంధాలు చెప్తాయి, టీవీలు చెప్తాయి, మన స్వచ్ఛంద సంస్థల శిక్షణా శిబిరాల్లో మనమూ చెప్తుంటాం. ఏవి కొనాలి, ఏవి కొనక్కర్లేదు, ఏవి అడిగి తెచ్చుకోవచ్చు. చెప్పడంలో తప్పు లేదు. కాని ఈ పాఠం మన పేద స్త్రీలకి మనకంటే బాగా తెలుసు. బిడ్డ భూమ్మీద పడకముందే వస్తువులు కొనకూడదని ముసలమ్మలు కోప్పడతారు కదా, దాన్ని మనలాంటి చదువుకున్నవాళ్లం చాలాకాలం మూఢనమ్మకమనే కొట్టిపారేశాం. పురిట్లోనే బిడ్డలు పోవడం మామూలైపోయిన రోజుల్లో డబ్బు వృథా కాకుండా, దుఃఖం రెండింతలు కాకుండా చూసుకున్న ఏర్పాటు కూడా అది. మొదటి చొక్కా వేరే బిడ్డ వేసి విడిచిందే తొడగాలన్న ఆచారమూ అలాంటిదే. నలుగురు పిల్లలు తొడిగి, ఉతికి ఉతికి మెత్తబడిన నూలు గుడ్డ కంటే పసికందు ఒంటికి హితమైనది ఏ దుకాణంలో దొరుకుతుంది? చీర ఉయ్యాలకి మించిన చవకైన ఉయ్యాల ఏది? బిడ్డకి ఏం కావాలో వీళ్లకి తెలుసు. తల్లికి ఏం కావాలో కూడా తెలుసు. తెలిసినా అది అడిగే వీలులేదని కూడా తెలుసు కాబట్టే జాబితాలో రాయరు.

తల్లికి కావాల్సింది విశ్రాంతి. ఈ మాట ఎంత మెత్తగా, ఎంత మామూలుగా వినిపిస్తుందో చూడండి. గర్భిణీ స్త్రీ బరువులు ఎత్తరాదు, తగినంత విశ్రాంతి తీసుకోవాలి అని అంగన్‌వాడీ గోడమీద బొమ్మ వేసి మరీ రాస్తారు. ఆ గోడ ముందునుంచే ఇటుకలు మోసుకుంటూ వెళ్లే స్త్రీకి ఆ వాక్యం ఏం చెప్తుంది? విశ్రాంతికి ఒక ధర ఉంది. నెల జీతం వచ్చే స్త్రీకి దాన్ని యజమాని కడతాడు, లేదా ప్రభుత్వం కడుతుంది. రోజుకూలికి వెళ్లే స్త్రీకి దాన్ని ఎవరు కడుతున్నారు?

ఎవరో కడుతూనే ఉన్నారు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్న మన ఆచారాన్ని ఈ లెక్కతో ఒకసారి చూడండి. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో కూతుర్ని తెచ్చుకోవడం, పురుడు పోయడం, మూడోనెల్లోనో ఐదోనెల్లోనో చీరా సారె పెట్టి పంపించడం. ఆప్యాయత అంటాం, మర్యాద అంటాం. పేద ఇళ్లలో జరిగేది ఏమిటంటే, కూతురు పని మానేయగలిగేందుకు తల్లి తన పని మానేస్తుంది. తల్లి కూడా కూలికి పోయేదే. కాన్పు దగ్గరపడ్డాక నాట్లు వదులుకుంటుంది, పత్తి తీత వదులుకుంటుంది, పట్నంలో అయితే నాలుగిళ్ల పాచిపనిలో రెండిళ్లు వదులుకుంటుంది. బాలింతకి వేణ్ణీళ్లు కాయాలి, పథ్యం వండాలి, కాయం నూరాలి, గుడ్డలు ఉతకాలి, రాత్రుళ్లు మేలుకోవాలి. ఇదంతా అయ్యాక బారసాల నాటికి వెండి మొలతాడో మురుగులో పెట్టకపోతే వియ్యాలవారి మొహం చిన్నబోతుంది. ఈ దేశంలో కూలి స్త్రీకి ఉన్న ప్రసూతి సెలవు చట్టం పుట్టిల్లే. దానికి నిధులు సమకూరుస్తున్నది నలభై ఐదేళ్లకే ముసలిదై పోయిన మరో కూలి స్త్రీ. తల్లి లేని పిల్ల సంగతేమిటి? ఇంట్లోవాళ్లని కాదని కులాంతర పెళ్లి చేసుకున్న పిల్ల సంగతేమిటి? రెండో కాన్పు సంగతేమిటి? రెండోదానికి ‘అత్తింట్లోనే కానియ్యి’ అంటారు. అత్తింట్లో పనిచేసే చేతులు ఎన్ని ఉన్నాయో, వాటిలో మగచేతులు ఎన్నో మనకి తెలియనిది కాదు.

చట్టం సంగతికి వద్దాం. 1928లో బొంబాయి శాసనమండలిలో ఫ్యాక్టరీ కార్మికురాళ్ల ప్రసూతి ప్రయోజనాల బిల్లు చర్చకి వచ్చినప్పుడు అంబేద్కర్ దాన్ని సమర్థించారు. కాన్పుకి ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం జాతి ప్రయోజనం కాబట్టి ఆ భారంలో ఎక్కువ భాగం ప్రభుత్వమే మోయాలన్నది ఆయన వాదం. మరుసటి ఏడాది, 1929లో, బొంబాయిలో ఆ చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత 1961లో దేశమంతటికీ వచ్చింది. పన్నెండు వారాలు జీతంతో సెలవు. కాన్పయ్యాక ఆరు వారాలపాటు యజమాని ఆమె చేత పని చేయించుకోరాదని కూడా అందులో ఉంది. 2017లో సవరించి, మొదటి రెండు కాన్పులకి ఆ పన్నెండు వారాలని ఇరవై ఆరు చేశారు. పత్రికలు మెచ్చుకున్నాయి, మనమూ మెచ్చుకున్నాం. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టమే సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. పేర్లు మారుతున్నా మన జాబితా రాసిన స్త్రీ మాత్రం బయటే ఉంది. అసంఘటిత కార్మికుల కోసం 2008లో చేసిన చట్టమైనా, కొత్త కోడ్ అయినా ఆమెకి ఇచ్చింది పథకాలు పెడతామన్న మాట మాత్రమే. ఇన్ని వారాలు, ఇంత కూలి అన్న లెక్క లేదు.

ఇక్కడొకటి గుర్తు చేసుకోవాలి. 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ మీద రోజుకూలికి పనిచేసే స్త్రీలు తమకీ ప్రసూతి సెలవు కావాలని పోరాడితే, పర్మనెంటు ఉద్యోగినులకే ఇస్తామన్న వాదనని కోర్టు ఒప్పుకోలేదు. కూలి రోజువారీది కావచ్చు, కాన్పు రోజువారీది కాదు కదా! ఆ తీర్పు మనవాళ్లలో ఎంతమందికి తెలుసు? మున్సిపాలిటీల్లో, పంచాయతీల్లో కాంట్రాక్టు మీద ఊడ్చే స్త్రీల సంఘాలతో పనిచేసేవాళ్లు దాని నకలు ఒకటి దగ్గర పెట్టుకోవాలి.

చట్టం బయట ఉన్నవాళ్లకి దొరికింది ఆహార భద్రతా చట్టం. 2013 నాటి ఆ చట్టం నాలుగో సెక్షను, ప్రభుత్వ ఉద్యోగంలో లేదా వేరే చట్టం కింద ఇలాంటి ప్రయోజనం పొందుతున్నవాళ్లని మినహాయించి, ప్రతి గర్భిణికీ 6,000 రూపాయలకి తక్కువ కాకుండా ప్రసూతి ప్రయోజనం ఇవ్వాలని చెప్పింది. ప్రతి గర్భిణికీ, ప్రతి కాన్పుకీ. నాలుగేళ్లు ఆగి 2017లో ప్రధానమంత్రి మాతృ వందన యోజన పెట్టినప్పుడు ఆ ‘ప్రతి’ కాస్తా ‘మొదటి’ అయింది, 6,000 కాస్తా 5,000 అయింది. మిగతా వెయ్యి జననీ సురక్ష కింద ఆస్పత్రి కాన్పుకి ఇచ్చే డబ్బుతో కలిపి సగటున సరిపోతుందన్నారు. 2022లో మార్చి, రెండో బిడ్డకి కూడా 6,000 ఇస్తామన్నారు, ఆడపిల్ల పుడితే. ఆడపిల్లని ఆదరించమన్న ఉద్దేశం మంచిదేననుకుందాం. కాని ఆ డబ్బు దేనికి? తల్లి పని తగ్గించుకుని, నాలుగు మెతుకులు ఎక్కువ తిని, ఒళ్లు నిలబెట్టుకునేందుకు. పుట్టింది ఆడో మగో తేలాక, ఒకే విడతగా, కాన్పయ్యాక ఇచ్చే డబ్బు ఎనిమిదో నెలలో ఇటుకలు మోయకుండా ఎలా ఆపుతుంది? మగపిల్లాడు పుడితే ఆ తల్లి మోసిన తొమ్మిది నెలలకీ రక్తం ఖర్చు కాలేదా?

5,000 అంటే మన స్త్రీకి పది రోజుల కూలి. 2017 జూన్‌లో తెలంగాణలో కేసీఆర్ కిట్ మొదలుపెట్టినప్పుడు నాలుగు విడతల్లో ఇస్తామన్నది మగపిల్లాడికి 12,000, ఆడపిల్లకి 13,000. ఆ పన్నెండు వేలు ఇరవై నాలుగు రోజుల కూలి. అందులోనూ ఇద్దరు పిల్లలతో ఆపేశారు. తమిళనాడులో 1987లో మూడు వందల రూపాయలతో మొదలైన ముత్తులక్ష్మి రెడ్డి పథకం 2018కి 18,000కి చేరింది. పెరగడం అసాధ్యమేమీ కాదన్నమాట. కిట్‌ని నేను తక్కువ చేయటం లేదు. సర్కారు దవాఖాన నుంచి దోమతెరా, సబ్బులూ, చీరా, బిడ్డకి చొక్కాలూ ఉన్న సంచి పట్టుకుని ఇంటికి వెళ్లే తల్లి మొహంలో సంతోషం కళ్లారా చూసినవాళ్లం. నా బాధల్లా, పాలకులకి కూడా ఆ కేలండర్ కాగితం మీద గీతకి పైనున్న వెయ్యి రూపాయలే కనిపించాయని. సంచిలో పెట్టి ఫొటో దిగడానికి వీలైనవి అవే మరి. విశ్రాంతిని సంచిలో పెట్టలేరు. సంచి పంచిపెట్టే సభలో దాని మీద ఎవరి బొమ్మా అచ్చువేయలేరు.

ఆస్పత్రి సంగతి. 1,500 ‘ఇచ్చేటందుకు’ అని రాసుకుంది కదా. 2011 జూన్ నుంచి అమల్లో ఉన్న జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం సర్కారు దవాఖానలో కాన్పుకి, ఆపరేషనుతో సహా, ఒక్క పైసా తీసుకోకూడదు. మందులు, పరీక్షలు, అవసరమైతే రక్తం, మామూలు కాన్పుకి మూడు రోజులు, ఆపరేషనుకి ఏడు రోజులు భోజనం, ఇంటినుంచి తీసుకురావడం, తిరిగి దింపడం, పసిబిడ్డకి జబ్బు చేస్తే వైద్యం అన్నీ ఉచితమే. అయినా కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) చూస్తే ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పుకి దేశం మొత్తం మీద సగటున జేబులోంచి పెట్టిన ఖర్చు 2,916 రూపాయలు. కాన్పు గదిలో మగపిల్లాడైతే ఒక రేటు, ఆడపిల్లైతే ఒక రేటు. ఇది తెలియనివాళ్లు మనలో లేరు. ఇవ్వొద్దని చెప్పడం మన ధర్మం, చెప్పాలి కూడా. కాని నొప్పులు పడుతున్న స్త్రీకి ఒంటరిగా పోరాటం చేయమని చెప్పకండి. బల్ల మీదున్నది ఆమె. చేయి చాపుతున్నది ఎక్కువగా కాంట్రాక్టరు కింద నెలల తరబడి జీతం బాకీ పడ్డ ఆయా అన్నది కూడా మరిచిపోలేం. ఇద్దరు కలిసి దవాఖాన కమిటీ ముందుకి వెళ్లేలా చూడటం మన పని. అది కష్టం. కష్టమని ఇన్నాళ్లూ వదిలేశాం.

మామూళ్ల కంటే పెద్ద దెబ్బ కోత. అదే సర్వేలో తెలంగాణలో నూటికి దాదాపు అరవై ఒక్క కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటులో అయితే ఎనభై దాటాయి. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం 42 శాతం, ప్రైవేటులో 63. దేశం సగటు 21.5. మన రెండు రాష్ట్రాల స్త్రీల ఒళ్లు మిగతా దేశం స్త్రీల కంటే వేరుగా తయారయిందా? ముహూర్తాలు, భయం, నొప్పులకి ఓర్చుకోలేదన్న చిన్నచూపు, ఆస్పత్రి లెక్కలు, డాక్టర్ల తీరిక, అన్నీ ఉన్నాయి. ప్రాణం నిలబెట్టే ఆపరేషన్ని ఎవరూ కాదనరు. అవసరం లేనిదాని ధర మాత్రం కూలి స్త్రీకి బిల్లుతో అయిపోదు. బరువెత్తే పనికి తిరిగి వెళ్లాలంటే ఎన్ని నెలలు? తొలి కాన్పు కోత అయితే మలికాన్పు కూడా కోతే అనడం ఎంత ఖాయం? బిడ్డకోసం సిద్ధపడటంలో దోమతెర కంటే ముందు చేయాల్సింది ఏ ఆస్పత్రి అన్నది ఐదో నెలలోనే తేల్చుకోవడం. అర్ధరాత్రి ఆటోవాడు ఎక్కడికి తీసుకెళ్తే అక్కడ చేరడమే అన్నిటికంటే ఖరీదైన నిర్ణయం. నొప్పులు మొదలయ్యాక 102కి ఫోన్ చేయాలన్న మాట ఇంట్లో మగవాళ్లకి, పక్కింటివాళ్లకి కూడా తెలిసి ఉండాలి. ఆమె నోట్లోంచి మాట రాని సమయం అది.

ఇక పాల లెక్క. ఇది కొంచెం ఓపిగ్గా చూడాలి. మూడో వారంలోనో నాలుగో వారంలోనో తల్లి పనిలోకి వెళ్తే బిడ్డ ఇంట్లో ఎవరి దగ్గరో ఉంటుంది. డబ్బా పాలు మొదలవుతాయి. నాలుగు వందల గ్రాముల డబ్బా రెండో నెల బిడ్డకి సరిగ్గా కలిపి పడితే నాలుగైదు రోజులు వస్తుంది. అంటే నెలకి ఆరేడు డబ్బాలు. అన్ని కొనలేరు కాబట్టి నీళ్లు ఎక్కువ కలుపుతారు. నీళ్లు ఎలాంటివో బస్తీల్లో చెప్పనక్కర్లేదు. విరేచనాలు, ఆర్‌ఎంపీ డాక్టరు, సూది, సీసా. నెల తిరిగేసరికి ఆమె తెచ్చిన కూలిలో ఎంత మిగిలింది? తల్లిపాలు ఉచితం అని ఉపన్యాసాల్లో అంటాం. కాదు. ఆ పాల ఖరీదు తల్లి కాలం. డబ్బా పాల ప్రకటనల్ని, ఉచిత శాంపిళ్లని నిషేధిస్తూ 1992లో చట్టం తెచ్చుకున్నాం, మంచి చట్టం. ఆరు నెలలు తల్లిపాలే పట్టమని చెప్పే అదే రాజ్యం ఆ ఆరు నెలల కూలి ఎవరిస్తారో చెప్పదు. పుట్టిన గంటలోపు పాలు పట్టింది తెలంగాణలో నూటికి 37 మందే అని ఆ సర్వే చెప్తోంది. కోతలకీ ఈ అంకెకీ సంబంధం లేదనుకోవడం కష్టం.

ఇంతవరకూ రాజ్యాన్ని, ఆస్పత్రుల్ని, ఆచారాన్ని తప్పుపట్టాను. నా సంగతి చెప్పకపోతే ఈ సంపాదకీయానికి నిజాయితీ ఉండదు. మా అమ్మాయి పుట్టినప్పుడు నేనో పరిశోధనా ప్రాజెక్టులో ఉద్యోగం చేస్తున్నాను. అప్పటి చట్టం ప్రకారం పన్నెండు వారాలు జీతంతో సెలవు దొరికింది. నా పరిశోధనాంశం అసంఘటిత రంగ స్త్రీల శ్రమ! అదే ఏడాది మా ఇంట్లో పనిచేసే ఆమె కూడా నెల తప్పింది. మా అమ్మాయికి చిన్నవైపోయిన బట్టలన్నీ ఉతికి మడతపెట్టి ఇచ్చాను. దోమతెర ఇచ్చాను. ఒక నెల జీతం ఇచ్చి ‘ఉంచుకో’ అన్నాను. ఆమె కూడా సంతోషపడింది. తొమ్మిదో నెల దాకా బట్టలు ఉతికింది, నేను వద్దనలేదు. ఆమె స్థానంలో ఇంకొకర్ని పెట్టుకున్నాను. కాన్పయిన ఇరవై మూడో రోజున బిడ్డని చంకనేసుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, ‘పని ఉందా అమ్మా’ అని అడిగింది. లేదన్నాను. కొత్తగా వచ్చిన ఆమెని మానిపించడం భావ్యం కాదనిపించింది, అదీ నిజమే. తర్వాత ఆమె ఏ ఇంట్లో కుదిరిందో నాకు తెలియదు. నేనిచ్చిన బట్టల్ని చాలాకాలం నా మంచితనం కింద జమ వేసుకున్నాను. ఆ జాబితాలో నేను చూసిన తప్పు ఇరవై మూడు రోజుల బాలింత నా గుమ్మంలో నిలబడ్డప్పుడు నాకు కనిపించలేదు. చట్టంలోని ‘యజమాని’ అన్న మాటకి అర్థం నేనే అయినరోజు అది.

కాబట్టి మన సభ్యులకి, క్షేత్రంలో పనిచేసే మిత్రులకి కొన్ని మాటలు. ఏ ఊళ్లో, ఏ బస్తీలో పనిచేస్తున్నా నాలుగో నెల దాటిన ప్రతి స్త్రీతో ఒక పూట కూర్చుని జాబితా రాయండి. మొదటి వరసలో కూలి రాయండి. వస్తువులు చివర్న. ఆమె పేరున బ్యాంకు ఖాతా ఉందా, దానికి ఆధార్ కలిసిందా, మాతా శిశు రక్షణ కార్డు చేతికి వచ్చిందా చూడండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారి కార్డుల్లో ఒకచోట ఒకలా, ఒకచోట ఒకలా ఉన్నందుకు డబ్బు ఆగిపోయిన కేసులు కోకొల్లలు. పట్నంలో నమోదయి పుట్టింటికి వెళ్లిన స్త్రీకి విడతలు మధ్యలో తెగిపోతాయి. వెళ్లేముందు ఆశా కార్యకర్తకి, వెళ్లాక అక్కడి ఏఎన్ఎంకి చెప్పించండి. అంగన్‌వాడీలో భోజనం, గుడ్డు, పాలు వలస వచ్చినవాళ్లకి కూడా అడిగి పెట్టించండి. ఇంటికి తీసుకెళ్లేవి అత్తమామల, పిల్లల కంచాల్లోకి పోతాయని తెలిసిందే. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996 చట్టం కింద ఏర్పడిన సంక్షేమ బోర్డుల్లో ప్రసూతి సాయం ఉంది. దానికి ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు ఉండాలి, ముందే పేరు నమోదై ఉండాలి. మొగుడూ పెళ్లాం జంటగా దిగినా మేస్త్రీ పుస్తకంలో పేరు అతనిది ఒక్కటే ఉంటుంది. నెల తప్పాక పరుగెత్తితే లాభం లేదు, అడ్డా మీద నిలబడే ప్రతి స్త్రీ చేతా ఇప్పుడే నమోదు చేయించండి. పొదుపు సంఘాల్లో పనిచేసేవాళ్లు ఒక తీర్మానం గురించి ఆలోచించండి. కాన్పయిన సభ్యురాలి కిస్తీ మూడు నెలలు వాయిదా వేయగలమా? అప్పుల కంపెనీల వారం కిస్తీలకి భయపడి పచ్చి బాలింతలు పనిలోకి వెళ్లడం చూస్తూ, మన సంఘంలో కూడా అదే పద్ధతి నడపడం ఏమిటి? మగవాళ్లతో కూడా మాట్లాడండి. జాబితా రాసేటప్పుడు అతన్ని కూడా కూర్చోబెట్టి, నెలకి మందుకి ఎంత పోతోందో అదే కాగితం మీద రాయించండి. గొడవ అవుతుంది. అయినా రాయించండి.

ప్రభుత్వాన్ని మనం అడగాల్సింది ఒక్కటే, దాన్ని పదిరకాలుగా చెదరగొట్టుకోవద్దు. కనీస వేతనాల రేటున, కనీసం పన్నెండు వారాలు, ఎన్నో కాన్పు, పుట్టింది ఎవరు అనకుండా, ప్రతి స్త్రీకీ. సగం కాన్పుకి ముందే చేతికి రావాలి. ఇంత డబ్బు ఎక్కడినుంచి వస్తుందని అడుగుతారు. ఇప్పటిదాకా ఎక్కడినుంచి వస్తోందో పైన చెప్పాను.

ఇళ్లలో పనిచేసే స్త్రీల విషయం మన సంస్థ కార్యవర్గ సమావేశంలో పెట్టాను. సభ్యులు ఎవరి ఇంట్లోనైనా పనిచేసే స్త్రీకి కాన్పయితే మూడు నెలలు జీతం ఇవ్వాలని, ఆమె పని ఆమెకే ఉంచాలని, ఆ మూడు నెలలూ వచ్చే మనిషికి ముందే చెప్పి పెట్టుకోవాలని ప్రతిపాదన. ఇద్దరు గట్టిగా వ్యతిరేకించారు. పెన్షన్ మీద బతికే ఒంటరి సభ్యురాలు ఇద్దరికి జీతం ఎలా ఇస్తుందని వాళ్ల ప్రశ్న. నాలుగిళ్లలో పనిచేసే ఆమెకి మిగతా మూడిళ్లవాళ్లు ఇవ్వకపోతే మన ఒక్క ఇంటి జీతంతో ఆమె ఎలా ఆగుతుందన్నది ఇంకొకరి ప్రశ్న. రెండూ సరైన ప్రశ్నలే. అపార్ట్‌మెంటు లెక్కన అందరు యజమానులూ కలిసి తలాకొంత వేసి ఒక నిధి పెట్టొచ్చేమోనని ఒక మాట వచ్చింది. ఏదీ తేలలేదు. వచ్చే సమావేశంలో మళ్లీ చర్చకి వస్తుంది. అప్పటిలోగా మీ ఊళ్లలో ఎవరైనా ఇలాంటిది చేసి ఉంటే, ఎలా నడిచిందో, ఎక్కడ తెగిపోయిందో రాసి పంపండి. మీరు రాయించిన జాబితాలు కూడా పంపండి, పేర్లు లేకుండా. వచ్చే సంచికలో వేస్తాం.